పెద్దపేగు క్యాన్సర్‌కి చైనా మూలికలు: ఒక్క ప్రశ్నలో ఇరుక్కున్న నాలుగు ప్రశ్నలు

పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవాళ్లకు కీమో వార్డులో ఎక్కించే మందుల్లో ఇరినోటెకాన్ ఒకటి. లేత పసుపు రంగు ద్రవం. దాని పుట్టుక ఒక చైనా చెట్టులో ఉంది. అక్కడివాళ్లు ఆ చెట్టును 'షీ షూ' అంటారు, సంతోషపు చెట్టు అని అర్థం. "చైనా మూలికలు క్యాన్సర్‌ని తగ్గిస్తాయట, నిజమేనా?" అని ఎవరైనా అడిగితే నిజమేనని చెప్పడానికి ఆ చెట్టు ఒక్కటి చాలు. అంత మాట అనొద్దని చెప్పడానికి కూడా అదే చెట్టు చాలు.

ఈ ప్రశ్న మన ఇళ్లలోకీ వస్తోంది. సింగపూర్‌లోనో మలేషియాలోనో ఉన్న బంధువు చైనా మందుల షాపు నుంచి గ్రాన్యూల్స్ డబ్బా తెస్తాడు. వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిన టెన్షన్‌లో ఉన్నవాళ్లు దేన్నైనా నమ్ముతారు, దేనికైనా భయపడతారు. అందులో తప్పేమీ లేదు. చిక్కు ప్రశ్నలోనే ఉంది. చూడ్డానికి ఒక్కటే అయినా అందులో నాలుగు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. మొక్క నుంచి తీసిన రసాయనం క్యాన్సర్‌ని చంపుతుందా? కషాయం కీమో బాధల్ని తగ్గిస్తుందా? ఆపరేషన్ అయ్యాక మూలికలు వాడితే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా? ఆపరేషన్, కీమో మానేసి మూలికలే వాడితే సరిపోతుందా? ఒకదాని జవాబు తీసుకెళ్లి ఇంకోదానికి అతికించినప్పుడే గొడవంతా మొదలవుతుంది.

పాలిప్, స్టేజ్, కీమో: కొన్ని మాటలు ముందు

పెద్దపేగులో గానీ, దాని చివరి భాగమైన మలాశయంలో గానీ వచ్చే క్యాన్సర్లను కలిపి చూస్తారు. చాలావరకు ఇవి పేగు లోపలి పొర మీద పుట్టే చిన్న బుడిపెతో మొదలవుతాయి. దాన్ని పాలిప్ అంటారు. పాలిప్స్‌లో అడినోమా అనే రకం ఏళ్ల తరబడి పెరిగి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. కొలనోస్కోపీ, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష చేసినప్పుడు అది కనబడితే అక్కడికక్కడే కత్తిరించి తీసేస్తారు.

క్యాన్సర్‌గా మారాక ప్రధాన చికిత్స ఆపరేషన్. పక్కనున్న లింఫ్ గ్రంథుల దాకా పాకితే మూడో స్టేజ్ అంటారు. అప్పుడు ఆపరేషన్ తర్వాత కీమో ఇస్తారు. అందులో 5-ఎఫ్‌యూ గానీ క్యాపెసిటబిన్ గానీ ఉంటుంది, దానికి తోడు ఆక్సాలిప్లాటిన్. కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకిన నాలుగో స్టేజ్‌లో ఇరినోటెకాన్ కూడా వాడతారు. 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, 9 లక్షల మంది దీంతో చనిపోయారు. ఆ కొత్త కేసుల్లో 5 లక్షలకు పైగా చైనావే. అక్కడ ఈ అంశం మీద ఇన్ని పరిశోధనలు జరగడానికి అదొక కారణం. ప్రభుత్వమే రెండు వైద్యాలనూ కలిపి నడపడం ఇంకో కారణం. బీజింగ్‌లోని గ్వాంగాన్‌మెన్ ఆసుపత్రి, షాంఘైలోని లాంగ్‌హువా ఆసుపత్రి లాంటి చోట్ల సంప్రదాయ వైద్యుల చేతిలోనే క్యాన్సర్ విభాగాలు నడుస్తున్నాయి.

చైనా వైద్యుడు చూసే రోగం వేరు

వాతం, పిత్తం, కఫం అనే మాటలు విని పెరిగిన మనకు చైనా వైద్యం ఆలోచన మరీ కొత్తగా అనిపించదు. అక్కడ 'చీ' అంటే శరీరాన్ని నడిపే శక్తి. 'పీ' అనే మాటను పుస్తకాల్లో ప్లీహం అని రాస్తారు గానీ, కడుపులో ఎడమ వైపున ఉండే ప్లీహానికీ దానికీ పెద్దగా సంబంధం లేదు. తిన్నది అరిగించి ఒంటికి పట్టించే మొత్తం పనికి అది పేరు. కాబట్టి చైనా రిపోర్టులో 'ప్లీహం బలహీనం' అని కనిపిస్తే స్కానింగ్ చేయించుకోవాలేమోనని కంగారు పడనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరికీ మూడో స్టేజ్ పెద్దపేగు క్యాన్సరే. ఒకరికి నీరసం, ఆకలి లేదు, విరేచనం పల్చగా అవుతోంది, నాలుక పాలిపోయి ఉంది. వైద్యుడు నాడి చూసి 'పీ బలహీనం' అంటాడు. జిన్‌సెంగ్, బాయి జూ, ఫూ లింగ్, అతిమధురం కలిపిన కషాయం రాస్తాడు. 'నలుగురు పెద్దమనుషుల కషాయం' అని దానికి పేరు. రెండో మనిషికి దుర్వాసనతో విరేచనాలు, నాలుక మీద మందంగా పసుపు పొర. ఇది 'తేమ, వేడి' లక్షణం, చేదు మూలికలు పడాలి. అల్లోపతి డాక్టర్ దృష్టిలో ఇద్దరిదీ ఒకటే జబ్బు, చైనా వైద్యుడి దృష్టిలో రెండు. అంతేకాదు, పదిహేను రోజులకు లక్షణాలు మారితే కషాయమూ మారుతుంది.

క్యాన్సర్ విషయంలో వాళ్లకు రెండు దారులున్నాయి. 'ఫూ జంగ్' అంటే ఒంటి సత్తువ నిలబెట్టడం, 'చూ షియే' అంటే చెడును బయటికి తోలడం. కీమో నడుస్తున్నప్పుడు ఎక్కువగా మొదటి దారే పడతారు. 'చైనా మూలికా వైద్యం' అంటే ఏదో ఒక్క మందు అనుకోకూడదని చెప్పడానికే ఇదంతా. 'చైనా మూలికలు పనిచేస్తాయా' అన్న ప్రశ్న, 'మాత్రలు పనిచేస్తాయా' అని అడిగినంత విశాలమైనది.

మొదటి ప్రశ్న: చెట్టు నుంచి మందు దాకా ఎంత దూరం?

సంతోషపు చెట్టులోంచి క్యాంప్టోథెసిన్ అనే రసాయనాన్ని విడదీసి 1966లో లోకానికి చెప్పినవాళ్లు అమెరికాలోని మన్రో వాల్, మన్సుఖ్ వాణి. వాణి మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినవాడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వేల మొక్కల రసాలను ఒక్కొక్కటిగా జల్లెడ పట్టిస్తున్నప్పుడు ఇది దొరికింది. అంటే చైనా వైద్యులు పేగు క్యాన్సర్‌కి వాడుతున్న కషాయాన్ని చూసి కనిపెట్టింది కాదు.

1970లలో దాన్ని మనుషులకు ఇచ్చి చూశారు. నీళ్లలో సరిగా కరగదు కాబట్టి సోడియం ఉప్పుగా మార్చి ఇచ్చారు. గడ్డలు కొందరిలో తగ్గాయి గానీ వాంతులు, విరేచనాలు, మూత్రాశయంలోంచి రక్తం. భరించలేక వదిలేశారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. 1983లో జపాన్‌లో, పులిసిన పాల చిన్న సీసాలు అమ్మే యాకుల్ట్ కంపెనీ పరిశోధకులే ఆ అణువుకు ఇంకో ముక్క అతికించి నీళ్లలో కరిగేలా చేశారు. అదే ఇరినోటెకాన్. జపాన్‌లో 1994లో అనుమతి వచ్చింది, పెద్దపేగు క్యాన్సర్‌కి అమెరికాలో 1996లో వచ్చింది. చెట్టులో రసాయనం దొరికిందని చెప్పిన ఏడాదికీ అమెరికా అనుమతికీ మధ్య 30 ఏళ్లు. ఆ చెట్టు బెరడు కాచి తాగితే వచ్చేది 1970లలో వదిలేసిన విషమే. ఇరినోటెకాన్ అలా రాదు.

మనకు దగ్గరి సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. క్యాంప్టోథెసిన్ మన పశ్చిమ కనుమల్లో పెరిగే నోథాపోడైటిస్ చెట్టులో కూడా దండిగా ఉందని 1970ల మొదట్లోనే మన శాస్త్రవేత్తలు చూపించారు. ఆ తర్వాత ఎగుమతుల కోసం దాన్ని విచ్చలవిడిగా నరికేశారు. ఇప్పుడది తరిగిపోతున్న చెట్ల జాబితాలో ఉంది.

అలాంటి ప్రయాణం మధ్యలో ఉన్న మందు ఇంకొకటుంది, ఆర్టిసునేట్. మలేరియాకు ఆర్టిమిసినిన్ కనిపెట్టినందుకు తూ యోయో 2015లో నోబెల్ అందుకుంది. దాని నుంచే ఇది వచ్చింది. లండన్ సెయింట్ జార్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు రెండు వారాల పాటు కొందరికి ఆర్టిసునేట్ మాత్రలు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మూడేళ్లు దాటాక చూస్తే జబ్బు తిరగబెట్టింది మందు వాడినవాళ్లలో ఒక్కరికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో ఆరుగురికి. చదవగానే గుండె ఉప్పొంగే లెక్క ఇది. కానీ ట్రయల్‌లో ఉన్నది మొత్తం 23 మంది. ఇంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురి గతి మారితే లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఆ పరిశోధకులు కూడా దీన్ని పెద్ద ట్రయల్‌కి మొదటి మెట్టుగానే చెప్పారు. నయమైందని ఎక్కడా రాయలేదు.

రెండో ప్రశ్న: కీమో బాధల్ని తగ్గిస్తాయా?

నన్నడిగితే ఈ మొత్తం విషయంలో నిజాయితీగా ఆశ పెట్టుకోదగ్గ చోటు ఇదే. నిజాయితీగా దెబ్బ తిన్న చోటు కూడా ఇదే.

ముందు ఆశ సంగతి. ఇరినోటెకాన్ ఇచ్చిన కొన్ని రోజులకు కొందరికి ఆగకుండా నీళ్ల విరేచనాలు అవుతాయి. ఎందుకంటే, మందు ఒంట్లోకి వెళ్లాక దాని చురుకైన రూపం తయారవుతుంది. కాలేయం దానికి ఒక చక్కెర తోక తగిలించి, నిర్వీర్యం చేసి, పిత్తంతో పాటు పేగులోకి పంపేస్తుంది. కానీ పేగులో ఉండే బ్యాక్టీరియాకు ఆ చక్కెర ఇష్టం. వాటి దగ్గరున్న ఎంజైమ్‌తో ఆ తోకను కత్తిరించి తినేస్తాయి. నిర్వీర్యమైన విషం మళ్లీ ప్రాణం పోసుకుని పేగు గోడను కాలుస్తుంది.

హాన్ వంశం చివరి రోజుల్లో, అంటే ఇప్పటికి 1,800 ఏళ్ల కిందట, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలో విరేచనాలకు ఒక కషాయం ఉంది. పేరు 'హువాంగ్ చిన్ టాంగ్'. హువాంగ్ చిన్ వేరు, పియోనీ వేరు, అతిమధురం, చైనా రేగుపండు. నాలుగే సరుకులు. యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్-చీ చెంగ్ బృందం ఈ కషాయాన్నే ప్రతి బ్యాచ్‌లోనూ రసాయనాలు ఒకే పాళ్లలో ఉండేలా తయారుచేసి, పీహెచ్‌వై906 అని పేరు పెట్టింది. ఇరినోటెకాన్ ఇచ్చిన ఎలుకలకు దీన్ని కూడా పెడితే పేగు లోపలి పొర త్వరగా మళ్లీ పెరిగిందని, వాపు తగ్గిందని, గడ్డ మీద కీమో పని మాత్రం దెబ్బతినలేదని 2010లో ప్రచురించారు. ఇంకో చిత్రం ఏమిటంటే, హువాంగ్ చిన్‌లోని బైకాలిన్ అనే పదార్థానికి కూడా అలాంటి చక్కెర తోకే ఉంది. బ్యాక్టీరియా ఎంజైమ్‌కి అది అడ్డు పడుతుంది. హువాంగ్ చిన్ ఉన్న ఇంకో మందు 'హాంగే షాషిన్ టో'ను జపాన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఇరినోటెకాన్‌తో పాటు ఇచ్చి చూసిన చిన్న ట్రయల్‌లో తీవ్రమైన విరేచనాలు తగ్గాయి. ఏళ్ల నాటి అనుభవం, అర్థమయ్యే కారణం, ఎలుకల్లో ఫలితం, మనుషుల్లో కొంత ఫలితం, నాలుగూ ఒకే వైపు చూపించడం మూలికల పరిశోధనలో అరుదు. అయినా పీహెచ్‌వై906 ఇంకా ఆమోదం పొందిన మందు కాదు.

ఇప్పుడు దెబ్బ సంగతి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లకు చేతులు, కాళ్ల వేళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు పోట్లు వస్తాయి. ఫ్రిజ్ నీళ్లు ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు ఉంటుంది. కొందరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. కీమో అయిపోయాక ఏళ్ల పాటు ఉండిపోవచ్చు కూడా. దీనికి జపాన్ వైద్యులు 'గోషా జింకి గాన్' అనే పది సరుకుల మందు ఆలోచించారు. చైనా నుంచి వెళ్లి జపాన్‌లో స్థిరపడిన ఈ వైద్యాన్ని కంపో అంటారు. అక్కడ కంపో మందులు ఫ్యాక్టరీలో తయారవుతాయి, ప్రభుత్వ ఆరోగ్య బీమా కిందికి వస్తాయి. కాబట్టి సరుకు మారిపోతుందన్న బెంగ తక్కువ.

మొదట 89 మందితో ట్రయల్ చేశారు. 2013లో ఫలితం వచ్చింది. ఎనిమిదో విడత కీమో నాటికి చెప్పుకోదగ్గ తిమ్మిర్లు మందు వాడినవాళ్లలో 39 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 51 శాతం మందికి. అందరూ సంతోషించారు. ఖాయం చేసుకుందామని ఇంకా పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. రోగికి గానీ డాక్టర్‌కి గానీ ఎవరు ఏది వాడుతున్నారో తెలియదు. మధ్యలో లెక్క తీస్తే తిమ్మిర్లు మందు వాడినవాళ్లలో 50.6 శాతం, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 31.2 శాతం. పూర్తిగా తిరగబడింది. ట్రయల్‌ని అక్కడికక్కడే ఆపేశారు. ఆపేసిన సంగతిని, అంకెల్ని దాచకుండా 2015లో ప్రచురించారు.

నాకు ఈ కథంటే చాలా గౌరవం. ఆ మందుపై వాళ్లకు నమ్మకం ఉంది, మొదటి ఫలితం వాళ్ల వైపే ఉంది. అయినా నమ్మకాన్ని మళ్లీ పరీక్షకు పెట్టారు, ఓడిపోయిందని తెలిశాక చెప్పారు. మొదటి ట్రయల్ దగ్గరే ఆగి ఉంటే ఈ రోజు ఎన్ని వేల మంది ఆ మందు వాడుతూ ఉండేవారో.

మూడో ప్రశ్న: తిరగబెట్టకుండా ఆపుతాయా?

దీనికి ఒక గట్టి ట్రయల్ ఉంది, కానీ అది క్యాన్సర్ మీద కాదు, అంతకు ముందు మెట్టు మీద. 'హువాంగ్ లియాన్' అనే చేదు వేరులో బెర్బెరిన్ అనే పసుపు పచ్చని పదార్థం ఉంటుంది. మన మానుపసుపు రంగూ చేదూ దీనివల్లే. చైనాలో విరేచనాలకు బెర్బెరిన్ మాత్ర చవగ్గా దొరికే పాత మందు. పాలిప్ తీయించుకున్నవాళ్లకు రోజుకు రెండుసార్లు 0.3 గ్రాముల మాత్ర ఇచ్చి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, రెండేళ్ల లోపు కొలనోస్కోపీ చేసి చూశారు. వెయ్యి మందికి పైగా పాల్గొన్నారు. 2020లో వచ్చిన ఫలితం: అడినోమా మళ్లీ కనిపించింది బెర్బెరిన్ వాడినవాళ్లలో 36 శాతం మందికి, వాడనివాళ్లలో 47 శాతం మందికి.

ఇదే అంకెను రెండు రకాలుగా చెప్పొచ్చు. '23 శాతం ముప్పు తగ్గింది' అంటే ఎక్కువగా వినిపిస్తుంది. '100 మంది వాడితే 11 మందికి అడినోమా రాకుండా ఆగింది, 36 మందికి వాడినా వచ్చింది, 53 మందికి వాడకపోయినా వచ్చేది కాదు' అంటే బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది. రెండూ నిజాలే. ఇక అడినోమాలు తగ్గితే క్యాన్సర్ కూడా తగ్గుతుందా అన్నది ఈ ట్రయల్ కొలవలేదు. అందుకు పదేళ్లో పదిహేనేళ్లో చూడాలి.

ఆపరేషన్, కీమో అయిపోయినవాళ్లు ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం కషాయాలు వాడితే జబ్బు తక్కువగా తిరగబెట్టిందని చైనా నుంచి, తైవాన్ నుంచి చాలా పరిశీలనలు వచ్చాయి. ఇవి ట్రయల్స్ కావు. ఎవరు వాడారు, ఎవరు వాడలేదు అని రికార్డులు తిరగేసి చూసినవి. వీటిలో సులువుగా కంటపడని ఒక గుంట ఉంది. లెక్క వేసి చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కింది అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి.

200 మందికి ఆపరేషన్ అయింది అనుకుందాం. 100 మంది ఒక కషాయం మొదలుపెట్టారు, 100 మంది పెట్టలేదు. ఆ కషాయం అసలు ఏ పనీ చేయదని కూడా అనుకుందాం. మొదటి ఏడాది రెండు వైపులా 20 మందికి చొప్పున జబ్బు తిరగబెట్టింది. తిరగబెట్టినవాళ్లు కషాయం మానేసి మళ్లీ కీమోకి వెళ్లిపోయారు. రెండో ఏడాది మిగిలిన 80 మందిలో రెండు వైపులా 8 మందికి చొప్పున తిరగబెట్టింది. అసలు నిజం: అటు 28, ఇటు 28. తేడా సున్నా.

ఇప్పుడు పరిశోధకుడు వచ్చి, 'ఏడాది పాటు కషాయం వాడినవాళ్లు' ఒక గుంపు, 'వాడనివాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు' ఇంకో గుంపు అని విడదీశాడు. మొదటి గుంపులో 80 మంది, తిరగబెట్టింది 8 మందికి, అంటే 10 శాతం. రెండో గుంపులో 120 మంది, తిరగబెట్టింది 48 మందికి, అంటే 40 శాతం. ఏ పనీ చేయని కషాయం ముప్పును నాలుగో వంతుకు తగ్గించినట్టు కనిపిస్తోంది! ఎవరూ అబద్ధం ఆడలేదు. ఏడాది పాటు వాడాలంటే ముందు ఏడాది పాటు జబ్బు తిరగబెట్టకుండా ఉండాలి కదా, ఆ షరతే గెలుపును ముందుగా రాసేసింది. జాగ్రత్తపరులైన పరిశోధకులు దీన్ని సరిచేసే లెక్కలు వాడతారు. అందరూ వాడరు.

కాగితం మీద ట్రయల్, నిజంగా ట్రయల్

పెద్దపేగు క్యాన్సర్ కీమో బాధలకు చైనా మూలికల మీద, వైద్య ట్రయల్స్‌ని ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2005లో ఒక సమీక్ష వేసింది. పనికొచ్చేవిగా దొరికిన ట్రయల్స్ నాలుగే, నాలుగూ హువాంగ్ చీ అనే వేరు ఉన్న కషాయాల మీదే. వాంతులు, వికారం తగ్గవచ్చు, తెల్ల రక్తకణాలు పడిపోవడం తగ్గవచ్చు అన్న సూచన ఉంది గానీ, నాలుగింటి నాణ్యతా తక్కువే అని తేల్చింది. ఆ సమీక్ష రాసినవాళ్లలో చైనాకే చెందిన వు తైషియాంగ్ ఒకరు. ఆయన బృందం తర్వాత ఇంకో పని చేసింది. 'మేము లాటరీ పద్ధతిలో రోగుల్ని రెండు గుంపులు చేశాం' అని చైనా పత్రికల్లో రాసుకున్న 2,235 వ్యాసాల రచయితలకు ఫోన్ చేసి, ఎలా విడదీశారో చెప్పమని అడిగింది. సరైన పద్ధతి పాటించినవి 207 మాత్రమే. ఇవి మూలికల ట్రయల్స్ ఒక్కటే కాదు, మామూలు మందులవి కూడా. ఈ పని బయటివాళ్లు చేసి ఉంటే పక్షపాతం అనేవాళ్లు. సొంత ఇంట్లోవాళ్లే చేశారు, 2009లో బాహాటంగా ప్రచురించారు.

చైనా వైద్యుల వైపు నుంచి వినాల్సిన వాదన కూడా ఉంది. 'మనిషిని బట్టి మారే వైద్యం మాది. ఒకే పొడిని 500 మందికి ఇచ్చి పరీక్షిస్తే మా వైద్యాన్ని పరీక్షించినట్టు ఎలా అవుతుంది?' అంటారు. న్యాయమైన మాటే. పైన చెప్పిన గోషా జింకి గాన్ ట్రయల్ మీద కూడా ఇలాంటి అభ్యంతరమే రావచ్చు. కాకపోతే దీనికి దారి ఉంది. వైద్యుడు ఎవరికి తగ్గ చీటీ వాళ్లకు రాస్తాడు, సగం మందికి ఆ చీటీలోని గ్రాన్యూల్స్, సగం మందికి అదే రంగూ రుచీ ఉన్న ఉత్తుత్తి గ్రాన్యూల్స్ వెళ్తాయి. అలా చేస్తే పరీక్షకు నిలబడేది ఒక మూలిక కాదు, వైద్యుడి నిర్ణయమే. కష్టమైన పనే గానీ చేయలేనిది కాదు.

ఇంకో వైపు క్యాన్సర్ డాక్టర్లు 'అసలు ఏదీ వాడొద్దు' అంటారు. రోగికి అది మొండితనంగా అనిపిస్తుంది. వాళ్ల బాధ వాళ్లది. పది సరుకుల పొడిలో ఏది తాము ఇస్తున్న మందుతో గొడవ పడుతుందో చెప్పే సమాచారం వాళ్ల చేతిలో ఉండదు.

గొడవ పడటం అంటే

ఐరోపాలో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను ఇరినోటెకాన్‌తో పాటు ఇచ్చి చూశారు. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తంలో మందు చురుకైన రూపం 42 శాతం పడిపోయింది. కాలేయం మందును ఇంకా వేగంగా బయటికి తోసేసింది. అది చైనా మూలిక కాదు, కానీ చైనా మూలికల విషయంలో డాక్టర్ల భయం ఏమిటో దీంతో అర్థమవుతుంది. రోగి కీమో పూర్తి డోసు తీసుకుంటున్నానని అనుకుంటాడు. గడ్డకు అందేది సగానికి కొంచెం ఎక్కువ. ఒంట్లో తేడా ఏమీ తెలియదు. పైగా బాధలు తగ్గాయి, మూలిక పనిచేస్తోందని కూడా అనిపించవచ్చు.

పేరు తారుమారైతే ఇంకో ప్రమాదం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో 'హాన్ ఫాంగ్ జీ' బదులు 'గ్వాంగ్ ఫాంగ్ జీ' అనే వేరు కలిసింది. రెండోది అరిస్టోలోకియా జాతిది. వంద మందికి పైగా స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి. తర్వాత వాళ్లలో చాలామందికి మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. ఆ మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకమని ఇప్పుడు ఖాయంగా తెలుసు. మన పల్లెల్లో పాముకాటుకీ కడుపునొప్పికీ వాడే ఈశ్వరి తీగ కూడా అదే జాతి.

ఈ వ్యాసంలోనే మీకు హువాంగ్ చిన్, హువాంగ్ లియాన్, హువాంగ్ చీ అని మూడు పేర్లు వచ్చాయి. హువాంగ్ అంటే పసుపు రంగు. మూడూ మూడు వేర్వేరు మొక్కలు, వేర్వేరు పనులు. డబ్బా మీద చైనా లిపి చదవలేనివాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? మనకు తెలిసిన అతిమధురాన్నే తీసుకోండి. ఎక్కువ రోజులు వాడితే రక్తంలో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. కీమో విరేచనాలతో పొటాషియం అప్పటికే తగ్గిన మనిషికి అది గుండె లయ దాకా వెళ్లే సమస్య. గార్డెనియా కాయ ఉన్న కషాయాల్ని ఏళ్ల తరబడి తాగిన కొందరిలో పెద్దపేగు రక్తనాళాలే గట్టిపడిపోయిన కేసులు జపాన్, తైవాన్ డాక్టర్లు రాశారు. పేగు మంచికని తాగింది పేగుకే చుట్టుకుంది.

నాలుగో ప్రశ్న: కత్తీ కీమో వద్దనుకుంటే?

2018లో అమెరికా పరిశోధకులు అక్కడి జాతీయ క్యాన్సర్ రికార్డులు తిరగేశారు. ఇతర అవయవాలకు పాకని రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు వచ్చి, ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోన్ చికిత్స ఏదీ వద్దని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని, అలాంటి జబ్బుకే మామూలు చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చారు. మొత్తం మీద చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువ. పెద్దపేగు క్యాన్సర్‌లో అది నాలుగున్నర రెట్లు. ఆ 281 మంది వాడినవన్నీ చైనా మూలికలు కావు, ఎవరెవరు ఏం వాడారో ఆ రికార్డుల్లో విడిగా లేదు. ఇది కూడా వెనక్కి తిరిగి చూసిన లెక్కే కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలు దీనికీ వర్తిస్తాయి. కానీ పెద్దపేగు క్యాన్సర్‌లో తేడా అంత పెద్దగా ఉండటానికి కారణం ఊహించడం కష్టం కాదు. పాకకముందే కోసి తీసేస్తే చాలామందిలో పూర్తిగా పోయే జబ్బు ఇది. వదులుకున్నది అలాంటి అవకాశాన్ని.

ఇంతవరకు చెప్పిన ట్రయల్స్‌ని ఒకసారి ఈ కళ్లతో చూడండి. బెర్బెరిన్ ఇచ్చింది పాలిప్‌ను డాక్టర్ కత్తిరించి తీసేశాక. ఆర్టిసునేట్ ఇచ్చింది ఆపరేషన్ తేదీ ఖాయమై, దానికి ముందున్న రెండు వారాల్లో. గోషా జింకి గాన్, హువాంగ్ చీ ఇచ్చింది కీమో నడుస్తుండగా. మంచి ఫలితం వచ్చినా, చెడు ఫలితం వచ్చినా, వీటిలో ఒక్కదాంట్లో కూడా ఆపరేషన్‌కి బదులుగా మూలిక ఇచ్చిన గుంపు లేదు.